సాంబయ్య సాక్ష్యం

నాచారంలో లేత్ మెషిన్ మీద పనిచేసే సాంబయ్యకు ఏ సంగతైనా విప్పి చూస్తేగానీ మనసొప్పదు. పెళ్లయిన కొత్తలో భార్య శ్యామలమ్మ వెంట ఉప్పల్‌లోని చిన్న చర్చికి వెళ్లడం మొదలుపెట్టి, తర్వాత బాప్తిస్మం కూడా తీసుకున్నాడు. కానీ ప్రార్థనలో అందరూ కళ్లు మూసుకుంటే అతను తెరిచే ఉంచేవాడు. వీళ్లంతా ఎవరితో మాట్లాడుతున్నారో, అవతల ఎవరైనా వింటున్నారో లేదో చూడాలని అతని ఆరాటం.

మొన్న ఎండాకాలంలో మెడ మీద గడ్డ లేచింది. డాక్టరు అనుమానపడి ముక్క తీసి పరీక్షకు పంపాడు. చర్చి వాళ్లు ఉపవాసముండి ప్రార్థించారు. చివరికి క్యాన్సర్ కాదని తేలింది.

"దేవుడు తీసేసిండు," అని శ్యామలమ్మ కళ్లు తుడుచుకుంది.

"ఉన్నదాన్ని తీసేసిండా, ముందుగాలనే లేకుండెనా?"

"నీ నోట్ల మన్ను వడ! దేవునికి గుడ పరీక్ష వెడ్తవా?"

ఆదివారం పాస్టరు, దేవుడు చేసిన మేలు గురించి అందరి ముందు సాక్ష్యం చెప్పమని మైకు చేతికిచ్చాడు. సాంబయ్య లేచి నిలబడ్డాడు.

"మీరందరు నా కోసం ఉపాసమున్నరు. అది యాదికొస్తే ఇప్పటికీ గుండె నిండుతది. రిపోర్టుల ఏం లేదని వచ్చింది. దేవుడు బాగు జేసిండో, అది మామూలు గడ్డనేనో నాకు తెల్వదు. దవాఖానాల నా పక్క మంచమాయన కోసం గుడ ఆయన భార్య ఏడ్సుకుంట ప్రార్థన జేసింది. ఆయనకు క్యాన్సరే అని వచ్చింది. ఎందుకో అస్సలే తెల్వదు. తెల్వంది తెల్సినట్టు జెప్తే దేవుని ముందల అబద్ధమాడినట్టయితది."

హల్లెలూయ అనబోయిన నోళ్లు ఆగిపోయాయి. శ్యామలమ్మ మొహానికి కొంగు అడ్డం పెట్టుకుంది. పాస్టరు గొంతు సవరించుకుని పాట ఎత్తుకున్నాడు.

బయట చెప్పులు వేసుకుంటుంటే అనంతలక్ష్మి వచ్చి సాంబయ్య చెయ్యి పట్టుకుంది. నిరుడు భర్త పోయినప్పటి నుంచి ఆమె చర్చిలో నోరు విప్పింది లేదు.

"నా విశ్వాసం సాలకనే మా ఆయన పోయిండన్నరు, తమ్మీ. నువ్వొక్కనివే తెల్వదన్నవు. మా ఇంటికొచ్చి ప్రార్థన జెయ్యి."

"నాకే నమ్మకం సరిగ్గ లేదక్కా."

"గందుకే పిలుస్తున్న."

ఆ సాయంత్రమే భార్యాభర్తలు వెళ్లారు. సాంబయ్య బతుకులో మొదటిసారి పైకి ప్రార్థించాడు. "ప్రభువా, ఈ అక్క ఎందుకని అడుగుతున్నది. నేను గుడ అడుగుతున్న. జర ఇను." ఇంకేమీ తోచలేదు. అనంతలక్ష్మి వెక్కి వెక్కి ఏడ్చింది. తర్వాత టీ పెడుతూ భర్త ముచ్చట్లు ఎత్తుకుంది: ఆయన బస్సు డ్రైవరనీ, స్టీరింగు ముందు కూర్చుని పాట అందుకుంటే ప్యాసింజర్లు కోరస్ ఇచ్చేవారనీ.

దారిలో శ్యామలమ్మ మెల్లగా అడిగింది. "ఏమన్న అనిపించిందా?"

"ఎవరో వింటున్నట్టే ఉండె. అక్కనో, దేవుడో! మల్లొక్కపారి పోయి సూడాలె."

మళ్లీ వెళ్లారు. ఇరుగుపొరుగు ఇద్దరు ముగ్గురు వచ్చి చేరారు. ఒకరోజు పాస్టరు కూడా వచ్చి, చాపమీద ఓ మూలన కూర్చున్నాడు. అందరూ ఆయన వైపు తిరిగారు.

"వాక్యం జెప్పనీకి రాలే," అన్నాడాయన. "నాకు గుడ దేవున్ని ఒకటి అడిగేదున్నది."