ఒక్కసారే వినిపిస్తారు

ముప్పయ్యారేళ్ల వయసులో నాకు ఇంగ్లీషు పరీక్ష రాయాలన్న బుద్ధి పుట్టింది. అప్పటికి పాండిచ్చేరిలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో పన్నెండేళ్లుగా నర్సు పని చేస్తున్నాను. నాతో చదువుకున్న ముగ్గురు ఐర్లాండులో ఉన్నారు. నేనూ పోవాలంటే ముందు ఆ పరీక్షలో మార్కులు రావాలి. మావాళ్లు ఏంబలంలో తరతరాలుగా సేద్యం చేసుకునే తెలుగువాళ్లు. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం, డ్యూటీలో ఇంగ్లీషు. మూడు భాషల్లో బతికినదానికి ఈ పరీక్షంటే భయం ఏముంటుందనుకున్నాను. చదవడానికీ రాయడానికీ కాస్త జంకానుగానీ, వినడం గురించి ఆలోచించనే లేదు. విన్నమాట ఖాళీలో రాయడమే కదా.

డ్యూటీ దిగి సాయంత్రాలు కోచింగుకు పోయేదాన్ని. రికార్డింగు ఒక్కసారే వినిపిస్తారు. ఎవరో ఫోనులో హోటల్ గది అడుగుతారు, ఎవరో లైబ్రరీలో ఏ బీరువా ఎక్కడుందో చెబుతారు. మనం వెంటవెంటనే రాసుకుంటూ పోవాలి. నా పేపరు ఎప్పుడు చూసినా ఒకటే తప్పు. టికెట్స్ అన్నచోట టికెట్ అని, బుక్స్ అన్నచోట బుక్ అని రాసి ఉండేది. "మేడం, మళ్లీ ఎస్ వదిలేశారు," అని సారు ఎర్రగీత కొట్టేవాడు. ఆయన నాకన్నా చిన్నవాడు, ఓపిక గలవాడు. అజాగ్రత్త అనుకున్నాడు. నేనూ అదే అనుకున్నాను. బస్సులో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఇంగ్లీషు వార్తలు వినేదాన్ని. అర్థం కాకపోతే సౌండు పెంచేదాన్ని. మూడు నెలలకు గొంతులు పెద్దవయ్యాయిగానీ మాటలు తేట కాలేదు. పరదేశం వాళ్లు మాటల్ని మింగేస్తారని సర్ది చెప్పుకున్నాను.

మూలకుళంలో మా అక్క ఇంట్లో మేడమీద గదిలో ఉండేదాన్ని. అక్క స్కూల్లో ఇంగ్లీషు టీచరు. ఒక ఆదివారం మధ్యాహ్నం నా అవస్థ చూడలేక, రికార్డింగులో ఉండే మాటలన్నీ అచ్చువేసిన పుస్తకం తీసుకుని నా ఎదురుగా కూర్చుంది. తనే చదివింది. నేను రాశాను. నలభైకి ముప్పైయెనిమిది వచ్చాయి. ఒక్క ఎస్ కూడా పోలేదు.

"దీనికా ఇన్నాళ్లు ఏడిస్తివి?" అని అక్క నవ్వింది. ఇంకో పాఠం చదివింది. అదీ బాగానే వచ్చింది. ఆ తర్వాత అక్క కాసేపు నన్నే చూస్తూ ఉండిపోయింది. పుస్తకాన్ని పైకెత్తి, ముక్కు నుంచి గడ్డం దాకా అడ్డం పెట్టుకుని చదవడం మొదలుపెట్టింది.

గొంతు వినబడుతోంది. అది అక్క గొంతేనని తెలుస్తోంది. కానీ ఒక మాట ఎక్కడ ముగిసిందో, ఇంకోటి ఎక్కడ మొదలైందో తెలియడం లేదు. కావాలనే చిన్నగా చదువుతోందనుకుని, గట్టిగా చదవమన్నాను.

అక్క పుస్తకం దించింది. "ముందు ఎట్ల చదివినానో అట్లనే చదివినా. నువ్వు నా నోరు చూస్తావుండావు. ఎన్నాళ్ల నుంచి?"

ఎన్నాళ్ల నుంచో నాకు మాత్రం ఏం తెలుసు?

ఆ వారంలోనే చెవుల డాక్టరు దగ్గరికి పోయాం. రెండు చెవుల్లోనూ నరం బలహీనపడిందనీ, ఎస్ లాంటి సన్నని శబ్దాలు ముందు పోతాయనీ, మెల్లగా ఏళ్లతరబడి జరిగింది కాబట్టి నాకు తెలియకుండానే నా కళ్లు ఆ పని నేర్చుకున్నాయనీ చెప్పాడు. పోయింది తిరిగి రాదట. చెవులకు మిషన్లు పెట్టుకుంటే కొంత నయమట. అందరూ మాస్కులు కట్టుకున్న ఆ కాలంలో జనం నసుగుతున్నారని నేనెంత విసుక్కున్నానో గుర్తొచ్చింది. ఆటోలో ఇంటికి వస్తుంటే మరొకటి కూడా గుర్తొచ్చింది. అక్క చెయ్యి పట్టుకున్నాను. ఐర్లాండు ఆశ పోయినందుకు అనుకుంది పాపం.

ఆ ముందటి వానాకాలంలో కోసపాళయం నుంచి ఒక ముసలి టైలరు మా వార్డులో చేరాడు. జ్వరం, దగ్గు. మావాళ్ల మాదిరే ఇంట్లో తెలుగు మాట్లాడే మనిషి. ఒకరోజు మధ్యాహ్నం నేను వార్డుకు వీపు పెట్టి బల్ల దగ్గర రాసుకుంటున్నాను. ఆయన ఒక్కడే లేచి బాత్రూముకు పోబోయి పడ్డాడు. తుంటి ఎముక విరిగింది. గంట బటను మంచం వెనక్కి జారిపోయిందనీ, అందుకే నన్ను నోటితో మూడుసార్లు పిలిచాననీ అందరితో చెప్పాడు. పిలవలేదని నేనన్నాను. అబద్ధం ఆడాననుకోలేదు. పదడుగుల దూరంలో ఉన్న మనిషి పిలిస్తే వినబడదా? రోగి పిలవకుండానే లేచాడని రిపోర్టులో రాశాను. ఆయన కొడుకూ కోడలూ నా మాటే నమ్మారు. ఈమధ్య మరుపు ఎక్కువైందని, ఏమీ అనుకోవద్దని నన్నే బతిమాలుకున్నారు. ఆయన నా మొహం వైపు చూసి, తర్వాత ఆ సంగతి ఎత్తలేదు.

చెవుల డాక్టరును చూసిన మర్నాడు మా నర్సింగ్ సూపరింటెండెంటుకు అంతా చెప్పాను. ఆమె కుర్చీ జరుపుకుని, నాకు తన నోరు కనబడేలా కూర్చుని మాట్లాడింది. ఆ ఒక్కపనికి నాకు కళ్లనీళ్లు వచ్చాయి. నేను తప్పు రాశానని ఇంకో కాగితం రాసిచ్చాను. పాత రిపోర్టుకు జతచేసింది. నన్ను వార్డు నుంచి తీసి రికార్డుల గదిలో వేసింది. అది న్యాయమే. పన్నెండేళ్లు తిరిగిన మంచాల మధ్య నుంచి నా చెప్పులు సంచిలో వేసుకుని బయటికి వచ్చాను.

మిషన్లు వచ్చాక కోసపాళయం పోయాను. కోడలు తలుపు తీసింది. ముందు గదిలో గుడ్డ కప్పిన కుట్టుమిషను పక్కనే ఆయన మంచం. ఫ్యాను మోత నా చెవుల్లో రైలులాగా ఉంటే, దాన్ని ఆపమని అడిగి మంచం దగ్గర స్టూలు మీద కూర్చున్నాను. నేనెవరో ఆయన గుర్తుపట్టాడు.

"మీరు పిలిచినారు," అన్నాను. "నాకే వినబళ్లేదు. నా చెవులు పోయిండేది అప్పటికి నాకే తెలీదు."

తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది. ఆయన మొహం ఇంటికప్పు వైపు తిప్పుకున్నాడు. "నేను పిలిస్తిని గదా," అన్నాడు, నాతో కాదు, తనతో. ఆ పైన మెల్లగా చెప్పుకొచ్చాడు. ఆనాటి నుంచి తన మతి మీద తనకే నమ్మకం పోయిందట. మాత్ర వేసుకున్నాడో లేదో తెలియక కోడల్ని పదేపదే అడిగేవాడట. కూర్చుని కాజాలైనా కుట్టుకోవచ్చని కొడుకు చెప్పినా, ఒకరి గుడ్డ పాడుచేస్తానని భయపడి కత్తెర ముట్టలేదట.

తర్వాత కోడల్ని లోపలి నుంచి పిలిచాడు.

"ఇంగొకసారి చెప్పమ్మా. ఈమె వినాల."

చెప్పాను. ఆ పిల్ల తలుపు పట్టుకుని నిలబడి వింది. లోపలికి పోయింది. చాలాసేపటికి కాఫీ తెచ్చి, మామగారికి ఇచ్చిన తర్వాతే నాకిచ్చింది. కొడుకు పని నుంచి వచ్చేదాకా ఆయన నన్ను పోనివ్వలేదు. అతనికీ చెప్పాను. అతను తండ్రి కాళ్ల దగ్గర కూర్చుని దుప్పటి సర్దాడు.

పరీక్ష తేదీ వచ్చింది, పోయింది. నా వంటివాళ్లకు వేరే ఏర్పాటు ఉంటుందని, డాక్టరు సర్టిఫికెట్టుతో ముందే అర్జీ పెట్టుకోవచ్చని కోచింగు సారు మెసేజీ పెట్టాడు. నాకు మనసు రాలేదు. అక్క గొంతు మిషన్లలో రేకుడబ్బాలో నుంచి వచ్చినట్టు ఉంటుంది. ఆ మాట అక్కతో అనలేదు.

నెలకోసారి ఆయన్ని చూసి వచ్చేదాన్ని. తుంటి సరిగ్గా అతుక్కోలేదు. మనిషి పట్టుకోనిదే నడవలేకపోయాడు. ఎండలు ముదిరినాక ఒకరోజు పొద్దున, ఆయన పోయాడని కొడుకు నుంచి మెసేజీ వచ్చింది. ఫోనులో నాకు సరిగా వినబడదని అతనికి తెలుసు.

పోయేసరికి వాకిట్లో షామియానా వేశారు. నేనెవరని పక్కింటి ఆడవాళ్లు అడిగితే, కోడలు నన్ను తన పక్కన కూర్చోబెట్టుకుని, మామ ఆపొద్దు నిజంగానే పిలిచినాడని వచ్చి చెప్పిన నర్సమ్మ ఈమేనంది. మిషన్లు ఆ ఏడుపులన్నీ కలిపి ఒకే మోత చేసి చెవుల్లో పోస్తున్నాయి. తీయకుండా కూర్చున్నాను.