చట్టసభకు కొమ్ము

2006లో, ఆగస్టు మొదటి ఆదివారం, సాయంత్రం నాలుగు గంటలకు, అనకాపల్లిలో మా చర్చి వెనకాల రేకుల షెడ్డులో నా తోటికోడలు లేచి నిలబడి పాఠం చదివింది. అది నేను చదవాల్సింది.

పెద్దవాళ్ల బడికి ముందు వెళ్లింది నేను. యాభై ఆరేళ్లకు అ ఆలు దిద్దాను. నన్ను చూసి ఆరు నెలల తర్వాత ఆవిడ వచ్చింది. అయినా స్త్రీల కూడికలో చదవమని టీచరమ్మ పుస్తకం ఆవిడ చేతికే ఇచ్చింది. గొంతు బాగుందట. బెల్లం మార్కెట్లో అరిచి అరిచి నా గొంతు బొంగురుపోయింది మరి. కడుపు మండింది నాకు. ఇప్పుడు దాచడానికేముంది.

అమెరికా కొత్తగా దేశమైన రోజుల్లోని ఒక రైతు కథ అది. పెళ్లయ్యాక భార్య దగ్గర అక్షరాలు నేర్చుకున్నాడు. ఊరివాళ్లు ఎన్నుకుంటే గుర్రమెక్కి మూడు రోజులు వెళ్లి చట్టసభలో కూర్చున్నాడు. మొదటి ఏడాది నోరు విప్పలేదు. రెండో ఏడాది లేచి, మా ఏటికి వంతెన కావాలని కాగితం చూసి చదివాడు. వంతెన వచ్చింది. ఆ కథ నాకోసమే రాశారనుకున్నాను.

వారం రోజులు మా అరుగు మీద కూర్చుని ఆవిడ నాకే చదివి వినిపించింది. చట్టసభ అన్నచోటల్లా మొదటి అక్షరానికి లేని కొమ్ము తగిలించి చుట్టసభ అనేది.

"తప్పులుంటే సెప్పక్కా."

"బాగానే సదువుతన్నావులే," అన్నాను.

ఆదివారం అలాగే చదివింది. ఆయన్ని చుట్టసభకు పంపారు అనగానే వెనక బెంచీలో చుట్ట కాల్చే ముసలమ్మ అందుకుంది.

"అలాటి సభుంటే నన్నూ పంపండే. అగ్గిపెట్టి నానే అట్టుకెల్తాను."

అందరూ నవ్వారు. తోటికోడలు మాత్రం తొణకలేదు. "తప్పయితే మా అక్క సెప్పీది. వారం రోజులు ఇన్నాది," అంది.

షెడ్డంతా నా వైపు తిరిగింది. "ఏమ్మా, నీకు తెలీలేదా?" అంది టీచరమ్మ.

తెలీదంటే చదువు రానిదాన్నవుతాను. తెలుసంటే ఏమవుతానో అందరికీ తెలుసు.

"తెలుసు," అన్నాను.

తోటికోడలు పుస్తకం దగ్గరికి తీసుకుంది. అక్షరం కింద వేలు పెట్టి చూసుకుంది. చట్టసభ అని సరిగ్గా పలికి, మొదటినుంచి మళ్లీ చదివింది. వంతెన దగ్గరికొచ్చేసరికి ముసలమ్మ కూడా నవ్వు మానేసింది. అందరూ చప్పట్లు కొట్టారు. నేను కొట్టలేదు.

అప్పుడక్కడ ఉన్నది టీచరమ్మ, పాస్టరు గారి భార్య, చుట్ట ముసలమ్మ, మునగపాక నుంచి వచ్చిన అక్కాచెల్లెళ్లిద్దరు, నా తోటికోడలు, నేను.