“తాగుతాది” అన్న మాట

1927 వేసవి మొదట్లో నన్ను అనంతగిరి కొండల్లోని ఒక సర్కారు డిస్పెన్సరీకి సబ్ అసిస్టెంట్ సర్జనుగా వేశారు. అది ఇప్పపువ్వు రాలే కాలం. కొండవాళ్లు ఆ పువ్వుతో దొంగసారా కాస్తారని అబ్కారీ వాళ్లు ఊరూరా కుండల కోసం వెతికేవారు.

ఒక ఉదయం అబ్కారీ ఇన్‌స్పెక్టరు తన మోటారులో ఒక తల్లినీ, పదకొండేళ్ల పిల్లనూ తీసుకొచ్చాడు. పిల్ల పేరు సన్యాసమ్మ. నోట ఇప్పసారా వాసన వస్తోందనీ, తాగినట్టు సర్టిఫికెట్ రాసిమ్మనీ అడిగాడు. అది చేతికొస్తే సారా కాశాడని తండ్రి మీద పెట్టిన కేసు నిలుస్తుంది. అతన్ని అప్పటికే ఠాణాలో కూర్చోబెట్టారు.

పిల్ల ఎముకలు తేలి ఉంది. ఛాతీ అంతా ఎగసిపడేలా, లోతుగా, ఆగకుండా ఊపిరి తీస్తోంది.

“ఇప్పపువ్వు మేసిన ఎలుగొడ్డునాగ రొప్పుతోంది, సూడండి,” అని ఇన్‌స్పెక్టరు వెంట వచ్చిన బంట్రోతు నవ్వాడు.

ఎన్నాళ్లనుంచి ఇలా ఉందని తల్లిని అడిగాను.

“ఈ రొప్పు నిన్నటేల నుంచి, బాబూ. అంతకు ముందు నుంచీ తాగుతానే ఉంటాది. ఎంత తాగినా సాల్దు, మల్లీ తాగుతాది.”

“విన్నారా డాక్టరుగారూ? కన్నతల్లే ఒప్పుకుంది!” అంటూ ఇన్‌స్పెక్టరు ఆ మాట రాసుకున్నాడు.

“నీల్లు బాబూ, నీల్లు! మా గుంట సారా ముట్టనేదు!” అని ఆమె అరిచింది. అతను రాసింది కొట్టెయ్యలేదు.

స్టెతస్కోపు పెట్టి చూశాను. న్యుమోనియా చప్పుడు లేదు, ఉబ్బసపు కూత లేదు. రెండు వైపులా గాలి శుభ్రంగా ఆడుతోంది. పిల్ల మూత్రాన్ని నీలిరంగు పరీక్ష మందులో వేసి కాచాను. ఇటుక రంగుకు తిరిగింది. అంటే చక్కెర జబ్బు. పిల్లల్లో ఇది ముదిరితే రక్తంలో ఆమ్లం పేరుకుంటుంది. దాన్ని తోడెయ్యడానికి ఊపిరితిత్తులు అలా పరుగు పెడతాయి. మాగిన పండు వాసన, సారా అని పొరబడే వాసన, నోట వచ్చేది కూడా అందువల్లే. దీనికి వాడే ఇన్సులిన్ అనే కొత్త మందు సముద్రపు ఒడ్డున ఉన్న పట్నం ఆసుపత్రిలో మాత్రమే దొరికేది.

ఈ పిల్ల తాగలేదు, జబ్బుతో ఉంది, ఆలస్యమైతే చనిపోతుంది అని సర్టిఫికెట్ రాసి సంతకం పెట్టాను. ఆ కాగితం ఇన్‌స్పెక్టరు చేతికిచ్చి, పిల్లను మీ మోటారులో ఇప్పుడే పట్నం ఆసుపత్రిలో దింపండి అన్నాను. అతను పూర్తిగా చదివాడు. మడిచి జేబులో పెట్టుకున్నాడు. సర్కారు మోటారు ముద్దాయి పిల్లల్ని మోయడానికి కాదనీ, ఇక సర్టిఫికెట్ అక్కర్లేదు, తల్లి వాంగ్మూలం చాలనీ చెప్పి ఎక్కి వెళ్లిపోయాడు.

డోలీ కట్టించి నేనూ వెంట నడిచాను. ఘాటు రోడ్డు సగం దిగాక రొప్పు తగ్గింది.

“నెమ్మదించింది బాబూ, బేగి తగ్గిపోతాది,” అంది తల్లి. ఆమె మొహం తేటపడింది.

ఊపిరితిత్తులు అలిసిపోయాయని నాకు తెలుసు. ఆమెకు చెప్పలేకపోయాను. కొండ దిగకముందే పిల్ల పోయింది. తర్వాత తల్లి వాంగ్మూలం మీదే తండ్రికి శిక్ష పడింది.

తెలియక చేశాడని ఆ ఇన్‌స్పెక్టరు గురించి అనేవాళ్లు ఉన్నారు. అబద్ధం. నేను రాసిచ్చింది నా ఎదుటే చదివాడు.

ఆ తర్వాత ఛాతీ శుభ్రంగా ఉండి ఊపిరి ఎగసిపడే పిల్ల ఎవరు వచ్చినా ముందు మూత్రం కాచి చూశాను. తాగుతోంది అంటే ఏం తాగుతోందని అడిగాను. ఇంకొకటి కూడా నేర్చుకున్నాను. రోగం కనిపెట్టినంత మాత్రాన పిల్ల బతకదు. బండి ఎవరి చేతిలో ఉందో దాన్నిబట్టి బతుకుతుంది.