మిరపపండు రంగు చీర కోసం గద్వాలకు

మా అత్త ఈశ్వరమ్మకు డెబ్బై దగ్గరపడుతున్నాయి. ఇన్నేళ్లలో ఆమె తన చీర తాను కొనుక్కున్నది లేదు. పెళ్లికి ముందు తండ్రి తెచ్చాడు, ఆ తర్వాత మా మామ తెచ్చాడు, మామ పోయాక కొడుకులు తెస్తున్నారు. నాగర్‌కర్నూల్లో మా ఇంటి ముందుగదిలో నేను జాకెట్లు కుడతాను. మొన్న పెళ్లివాళ్లెవరో గద్వాల చీర, దాని జాకెట్టు గుడ్డ తెచ్చి ఇచ్చారు. అత్త ఆ చీర అంచును చాలాసేపు వేళ్లతో తడిమి, "పద్మా, గద్వాలకు పొద్దున బస్సులుంటయా?" అని అడిగింది.

"ఎందుకత్తా?"

"చీర కొనుక్కుంట. నా పింఛను పైసలున్నయి గదా పోస్టాఫీసుల."

మా ఆయనకు అది నచ్చలేదు. "ఈ వయసుల కొత్త చీర ఏందమ్మా? ఆ పైసలుంటే రేపు దవాఖానకు పనికొస్తయి" అన్నాడు.

"దవాఖానకు వేరే పెట్టిన. ఇయ్యి చీరకు" అంది అత్త.

సోమవారం పోస్టాఫీసులో డబ్బు తీసుకుని, మంగళవారం ఉదయం ఆరున్నరకు వనపర్తి బస్సెక్కాం. ఆధార్ కార్డులు చూపిస్తే కండక్టర్ ఇద్దరికీ ఆడవాళ్లకిచ్చే ఉచిత జీరో టికెట్లు కొట్టిచ్చాడు. బిజినేపల్లి దాటేదాకా అత్త కిటికీలోంచి పల్లి చేలు చూస్తూ కూర్చుంది. ఎనిమిది దాటాక వనపర్తిలో దిగాం. బస్టాండు పక్కన ఇడ్లీ తిన్నాం, ఇద్దరికీ ఎనభై రూపాయలైంది. బిల్లు నేనిస్తానంటే అత్త ఒప్పుకోలేదు.

వనపర్తిలో మా ఆయన అన్నకు, అంటే మా పెద్దబావకు, సెల్‌ఫోన్ల దుకాణం ఉంది. మేం వస్తున్నామని తెలిసి బస్టాండుకే వచ్చాడు. మాకు టీ ఇప్పించి, తానూ ఒక గ్లాసు పట్టుకుని తల్లి పక్కన కూర్చుని మెల్లగా విషయం కదిపాడు.

"అమ్మా, మెయిన్‌రోడ్డు మీద పెద్ద దుకాణం చూసిన. అడ్వాన్సు కట్టాలె. నీ దగ్గరున్నయి నాకియ్యి. దసరాకు నేనే మంచి చీర తెస్త."

"నువ్వు తెచ్చిన చీరలన్ని కట్టుకున్న కొడకా. అన్ని బూడిద రంగే."

బావ టీ గ్లాసు కింద పెట్టాడు. నేను తల వంచుకున్నాను. నిజమే. మామ పోయిన తొమ్మిదేళ్లలో అత్తకు వచ్చినవన్నీ బూడిద రంగువో, వెలిసిపోయినట్టుండే గోధుమ రంగువో. ఆమెకు ఏ రంగు ఇష్టమో మాలో ఎవరూ అడగలేదు.

"నాకు తెల్వదమ్మా" అన్నాడు బావ చివరికి.

"నేనెప్పుడన్న చెప్తె గదా నీకు తెల్సేది. దుకాణానికి నీ తమ్ముడూ నువ్వూ ఆలోచన చేసుకోండ్రి. ఇయ్యి మాత్రం నేను ఇయ్య."

ఆమె గొంతులో కోపం లేదు, జంకూ లేదు. బావ ఇక అడగలేదు. గద్వాల బస్సు రాగానే పరుగెత్తి కిటికీలోంచి దస్తీ వేసి మాకు సీటు ఆపాడు. అరటిపళ్లు కొని తల్లి ఒళ్లో పెట్టాడు.

కొత్తకోట, పెబ్బేరు దాటి బీచుపల్లి దగ్గర కృష్ణ మీదికి వచ్చేసరికి బస్సులో సగంమంది నదికి దండం పెట్టారు. పక్కసీట్లో వడ్డేపల్లికి పోయే ఆమె మా పని తెలుసుకుని, "దుకాణాలల్ల ఎక్కువ చెప్తరు. మగ్గాలున్న ఇండ్లకు పోండ్రి" అని చెప్పింది. వెళ్లేవాళ్లకు నేనూ అదే చెబుతాను. పదకొండు దాటాక గద్వాలలో దిగి, మనిషికి ఇరవై ఇచ్చి షేర్ ఆటోలో నేతగాళ్ల వీధికి వెళ్లాం.

మూడో ఇంట్లో మగ్గం చప్పుడు వింటూ అత్త ఆగింది. నేస్తున్న ఆయన లేచి వచ్చి చాప పరిచాడు. ఆయన భార్య మంచినీళ్లు ఇచ్చింది. ఆయన అత్త నుదుటి వైపు ఒకసారి చూసి, లేత గంధం రంగు చీర ఒకటి, పాల రంగుది ఒకటి తీసి ముందు పెట్టాడు.

"ఇయ్యి కాదు నాయినా. మిరపపండు రంగుది ఉన్నదా?"

ఆయన నా వైపు చూశాడు. నేను అత్త వైపు చూశాను. భార్య మాత్రం వెంటనే లోపలికి వెళ్లి రెండు చీరలు తెచ్చింది. రెండూ పండు మిరపకాయ ఎరుపు, ఆకుపచ్చ అంచు. ఒకటి మొత్తం పట్టు, పద్నాలుగు వేలు. రెండోది ఒళ్లంతా నూలు, అంచూ కొంగూ పట్టు, ఆరు వేల ఐదొందలు. నేను నూలు చీరను తిరగేసి, అంచు కలిసిన చోట సూది జాడ కోసం వెతికాను. కుట్టు లేదు. నూలునూ పట్టునూ మగ్గం మీదే పోగుకు పోగు పెనవేసి కలిపారు. నా పదిహేనేళ్ల కుట్టుపనిలో అంత శుభ్రమైన అతుకు నేను వేయలేదు.

అత్త చూపు పట్టుచీర మీద ఆగడం గమనించి, "తక్కువపడేది నేనేస్తనత్తా, పట్టుదే తీసుకో" అన్నాను. జాకెట్ల డబ్బులు నా దగ్గర ఉన్నాయి.

"వద్దు బిడ్డా. అది తీసుకుంటే బీరువాల పెట్టుకోవాలె. నాకు కట్టుకునే చీర కావాలె. నా పైసలతోనే కావాలె."

బేరం చేయడంలో మాత్రం ఆమె ఏమీ తగ్గలేదు. ఆయన ఆరు వేలకు దిగాడు. ఇంకా అడగబోయిందిగానీ, ఆయన మగ్గం మీద సగం నేసిన చీర చూసి మానుకుంది. ఆరు వేలు లెక్కపెట్టి ఇచ్చి, లోపలి గదిలోకి వెళ్లి, పాత జాకెట్టు మీదే చీర కట్టుకుని బయటికి వచ్చింది. నేసిన ఆయన రెండడుగులు వెనక్కి వేసి, తాను నేసినదాన్ని తానే కొత్తగా చూసినట్టు చూశాడు.

ఫొటో తీసి ఇద్దరు కొడుకులకూ పంపాను. మెస్సులో జొన్నరొట్టె, పుంటికూర పప్పు తింటుండగా పెద్దబావ ఫోన్ చేశాడు. అత్తకిచ్చాను.

"మంచిగున్నవే అమ్మా."

"తెల్సు. ఆ ఇంట్ల అద్దమున్నది" అంది అత్త. ఫోన్లో బావ నవ్వు నాకూ వినిపించింది.

గద్వాల కోటలోకి వెళ్లి అక్కడి గుడి చూసి, మూడింటికి తిరుగు బస్సెక్కాం. వనపర్తిలో మారాక నాగర్‌కర్నూల్ బస్సు కిక్కిరిసి ఉంది. ఆడవాళ్ల సీట్లలో సర్దుకుని కూర్చున్నాం. ఎదుటి సీటామె, అత్త ఈడుదే, చీర వైపు చాలాసేపు చూసి అడిగింది.

"ఎవరు పెట్టిన్రక్కా చీర?"

"ఎవరు పెట్టలే. నేనే కొనుక్కున్న."

"మీ ఆయన?"

"పోయి తొమ్మిదేండ్లాయె."

ఆ నాలుగు సీట్లవాళ్లూ అత్త వైపు తిరిగారు. ఏం వినాల్సి వస్తుందోనని నేను అత్తకు దగ్గరగా జరిగాను. అత్త మాత్రం ఆమె కళ్లలోకే చూస్తూ కూర్చుంది. ఎదుటామె ముందుకు వంగి, "జర కొంగు ఇటియ్యి, చూస్త" అంది. అక్కడి నుంచి కొంగు ఆ నలుగురి చేతులూ తిరిగింది. ధర ఎంత, ఏ వీధి, ఏ బస్సెక్కాలి, అన్నీ అత్తే చెప్పింది, ఏటా గద్వాలకు పోయివచ్చే మనిషిలా.

ఏడు గంటలకు నాగర్‌కర్నూల్లో దిగాం. తిండికీ ఆటోలకూ కలిపి ఇద్దరికీ నాలుగొందలు దాటలేదు. ఆడవాళ్లిద్దరు ఎవరి తోడూ లేకుండా వెళ్లిరాగల దారి ఇది. ఇంట్లో పెద్దవాళ్లుంటే వాళ్లకు నచ్చిన రంగేదో అడిగి మరీ తీసుకువెళ్లండి.

అత్తకు కాళ్లు నొప్పిగా ఉంటాయని నేను ఆటోను పిలిచాను. అత్త వద్దని చెయ్యి ఊపింది.

"ఆటో ఎందుకు? నడుద్దాం. బజార్లకెల్లి పోదాం."

దుకాణాల దీపాలన్నీ వెలుగుతున్నాయి. ఆమె బజారు మధ్యలోంచి తొందరేమీ లేకుండా నడిచింది. మా అత్త అని అందరికీ తెలిసేట్టు నేను ఆమె పక్కనే నడిచాను.