వీరప్ప ఇత్తడి పళ్లెం

మా వీరప్పకు ఇనుమంటే పడదు. విమానం బాగుచేసి బతికే మనిషికి ఇనుమంటే పడకపోవడమేమిటని నవ్వకండి. కొత్తచెరువు దగ్గర, మబ్బుల్లో ఉప్పు చల్లి వాన రప్పించే మా బుల్లి విమానం దగ్గరికి ఎవరు పోవాలన్నా ఆయన ఇత్తడి పళ్లెం చాపుతాడు. తాళాలు, పిన్నీసులు, బెల్టులు అన్నీ అందులో పడాలి. ఇనుము దగ్గరుంటే దిక్సూచి ముల్లు దారి తప్పుతుందని ఆయన బెంగ. తనిఖీకి వచ్చిన పెద్దాఫీసరు కూడా బెల్టు విప్పిచ్చి, ప్యాంటు చేత్తో పట్టుకునే తనిఖీ ముగించాడు.

మొన్న ఆగస్టులో వేరుశనగ ఊడలు నేలలోకి దిగే వేళ వాన మొహం చాటేసింది. ఒకరోజు పొద్దున ముదిగుబ్బ మీద మబ్బు కమ్మింది. రెండు గంటల్లో ఎగరకపోతే గాలి దాన్ని ఎత్తుకుపోతుంది. కాన్పు సెలవు ముగించుకుని పైలట్ సునంద ఆ రోజే డ్యూటీకి వచ్చింది. ఎక్కి కూర్చుని చూస్తే దిక్సూచి ఇరవై డిగ్రీలు పక్కకు చూస్తోంది. అది సరికాకుండా ఎగరకూడదు.

వీరప్ప విమానాన్ని నేల మీద గీసిన ఉత్తరపు గీత మీద నిలిపించాడు. రేడియో ఆపించాడు, ముల్లు కదల్లేదు. లైట్లు ఆపించాడు, కదల్లేదు. చివరికి విమానం పక్కన నిలబడ్డ నా మీద పడ్డాడు.

"నీ పంటికి ఏమేసినారప్పా?"

సిమెంటన్నాను. నమ్మకుండా నలభై అడుగులు వెనక్కి నడిపించాడు. ముల్లు కదల్లేదు గానీ మబ్బు కదులుతోంది.

ఇంతలో సునంద మ్యాపు తీద్దామని, దిక్సూచి కింద పెట్టుకున్న తన సంచి చేతిలోకి తీసుకుంది. ముల్లు బుద్ధిగా ఉత్తరానికి వచ్చి నిలిచింది. సంచి అడుగున పసుపు గుడ్డలో చుట్టిన కొడవలి మొన దొరికింది. అందరం వీరప్పను చూశాం. ఆయన నేలను చూశాడు.

"నేనే పెట్టినా తల్లీ. బాలింతవు, గాలి సోకుతాది, ఇనుము లేకుండా మబ్బుల్లోకి ఎట్ల పంపేది? సంచి ఎప్పుడూ తోక దిక్కు పెడతాంటివి, ఆడుంటే ముల్లుకు తగలదనుకుంటి."

"దాంట్లో బిడ్డ ఫోటో ఉండాదన్నా. అందుకే ముందర పెట్టుకుంటి."

ఆమె నవ్వి ఆ మొనను ఆయన చేతిలోనే పెట్టింది. తను వచ్చేదాకా పట్టుకుని ఉండమని చెప్పి ఎగిరిపోయింది.

వీరప్ప రన్‌వే చివర పిడికిలి బిగించి నిలబడ్డాడు. టీ ఇస్తే తాగలేదు. గంటన్నర తర్వాత విమానం దిగి ఆగగానే పరుగెత్తాడు. సగం దూరం పోయి టక్కున ఆగాడు. వెనక్కి వచ్చి కొడవలి మొనను తన పళ్లెంలోనే వేసి, మళ్లీ పరుగెత్తాడు.

అప్పటికే పళ్లెంలో రెండు చినుకులు పడి ఉన్నాయి.