వంతెన దగ్గర మా నాన్న మాట్లాడాడట

దయ్యాలు, గాలి సోకడాలు మా ఇంట్లో ఎప్పుడూ నడవలేదు. మా నాన్న నాచారం పారిశ్రామికవాడలో ఫిట్టర్‌గా పనిచేసిన మనిషి. యంత్రం ఆగిందంటే ఎక్కడో బోల్టు వదులైందని అర్థం, అంతే అనేవాడు. నేను ఉప్పల్‌లో ఒక సాఫ్ట్‌వేర్ ఆఫీసులో పనిచేస్తాను. నాదీ అదే బుద్ధి. ఇది రాయడానికి ఇన్నాళ్లు వెనకాడింది ఎవరో నవ్వుతారని కాదు. నాకే నమ్మకం కుదరక.

కిందటి చలికాలంలో నాన్నకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. కాలు కొంత తిరిగొచ్చింది, కర్ర పట్టుకుని గుమ్మందాకా నడవగలిగాడు. మాట మాత్రం పూర్తిగా పోయింది. మనం అన్నది ఆయనకు అర్థమవుతుందని, తిరిగి చెప్పే దారి మూసుకుపోయిందని డాక్టరమ్మ చెప్పింది. బస్సులో పక్కన కూర్చున్నవాడి ఊరూ పేరూ అడక్కుండా దిగని మనిషి, గోడవైపు తిరిగి పడుకోవడం మొదలుపెట్టాడు. అమ్మ అన్నం తినిపిస్తున్నా ఆమె మొహం చూసేవాడు కాదు.

ఆ రోజుల్లో మేం ముగ్గురం ఒక ఆన్‌లైన్ ఆట ఆడుతుండేవాళ్లం. నేను, చిల్కానగర్‌లో ఉండే మా అక్క భర్త శ్రీకాంత్ బావ, అప్పుడప్పుడే మా ఆఫీసులో చేరిన నవీన్. నవీన్‌ది భీమవరం వైపు. ఆట పేరు ఎందుకులెండి. యుద్ధాలతో ప్రపంచం నాశనమైపోయాక, బతికి బయటపడ్డ కొద్దిమంది మళ్లీ గూడు కట్టుకోవడం అందులో కథ.

ఆటలో లోపాలకు లెక్కలేదు. నడుస్తూ నడుస్తూ నేలలోకి జారిపోతాం. కష్టపడి కట్టుకున్న గుడిసె మర్నాడు చూస్తే ఉండదు. మీదికి దూకిన మృగం గాల్లోనే ఆగిపోతుంది. ఊళ్లకు ఊళ్లు ఖాళీ, పలకరించే మనిషి లేడు. దాన్ని ఆడేవాళ్లు రెండు జట్లుగా చీలిపోయి నెట్‌లో తిట్టుకునేవారు. మా ముగ్గురిలోనూ అదే గొడవ.

"ఇది ఆట కాదన్నా. సగం కట్టి వదిలేసిన అపార్ట్‌మెంట్. అందులో మనల్ని దింపేసి ఉండమంటున్నారు" అనేవాడు నవీన్. అంటూనే మళ్లీ ఆడేవాడు.

బావ ఒప్పుకునేవాడు కాదు. "జర ఓపిక పట్టి నడువు తమ్మీ. ఎవ్వరుండరు, సప్పుడుండది. మనసు నిమ్మలమైతది. గిసుంటిది యాడ దొరుకుతది?"

ఒక్కోసారి మాట ముదిరి ఇద్దరూ పలకరించుకోవడం మానేసేవారు. నేను మధ్యలో నలిగేవాణ్ని.

ఆ ఆటలో ఒక ఏర్పాటుంది. మన బొమ్మ ఇంకొకరి బొమ్మ దగ్గరికి వెళ్తే, వాళ్లు మైకులో మాట్లాడేది మనకు వినిపిస్తుంది. దూరం జరిగితే ఆగిపోతుంది. అంటే పక్కన నిలబడితేనే మాట.

ఒక ఆదివారం నేను ముందుగదిలో కంప్యూటర్ మీద ఆడుతుంటే వెనక మంచం కదిలిన చప్పుడైంది. నాన్న గోడవైపు నుంచి ఇటు తిరిగి కూర్చుని తెర చూస్తున్నాడు. అందులో పిచ్చిమొక్కలు మొలిచిన పొలాలు, తుప్పు పట్టిన లారీలు, ఎండిన వాగు మీద ఒక వంతెన. ఏమనుకున్నానో, ఆట నడిపే గేమ్‌ప్యాడ్ ఆయన ఎడమ చేతిలో పెట్టాను. బొటనవేలితో మెల్లగా నొక్కాడు. బొమ్మ నడిచింది. ఇంట్లో నాలుగడుగులకే ఆయాసపడే మనిషి ఆ పొలాల్లో సాయంత్రందాకా నడిచాడు.

ఆయన పేరు మీదే ఒక బొమ్మను తయారుచేసి ఇచ్చాను, ఆ పేరు బొమ్మ తల మీద అందరికీ కనిపిస్తుంది. ఎవరితోనూ పోట్లాడడు, ఏదీ ఏరుకోడు. నడుస్తాడు, వంతెన దగ్గరికి వచ్చి ఆగుతాడు. గాలి, పిట్టల చప్పుడు వినపడాలని నా పాత హెడ్‌సెట్ ఆయన చెవులకు పెట్టేవాణ్ని. దాని మైకు కాడ ఎప్పుడో విరిగిపోతే నేనే పారేశాను. ఆ కంప్యూటర్‌కు వేరే మైకు లేదు. ఈ సంగతి తర్వాత ఎన్నిసార్లు సరిచూసుకున్నానో నాకే తెలియదు.

కొన్నాళ్లకు బావ ఫోన్ చేశాడు. గొంతులో కోపం, సంతోషం రెండూ ఉన్నాయి.

"అరే మహేష్, మామకు మాటొచ్చిందని ఒక్క ముచ్చట చెప్పలేవా?"

"ఎవరు చెప్పిన్రు బావా?"

"ఎవరో చెప్పుడేంది? వంతెన కాడ నాతోని మాట్లాడిండు. కాలు ఎట్లుందని అడిగితే, ఇంట్ల కన్న ఈడ మంచిగ నడుస్తున్న అన్నడు. నన్ను పటేలా అని పిలిచిండు."

నాన్న బావను సరదాగా పటేలా అని పిలిచేవాడు. బావ తమాషా చేస్తున్నాడనుకున్నాను. నాన్న నా ఎదురుగానే ఉన్నాడు. పెదాలు మూసే ఉన్నాయి. ఆ మాటే చెప్పాను. బావ "నేను ఫోన్ పెడుతున్న" అన్నాడు.

బావ సంగతైతే కొట్టిపారేసేవాణ్నే. మామ మీద ప్రేమతో భ్రమపడ్డాడని సరిపెట్టుకునేవాణ్ని. కానీ ఆ వారంలోనే నవీన్ క్యాంటీన్‌లో టీ తాగుతూ అడిగాడు.

"అన్నా, మీ నాన్నగారికి మాట రాదన్నావు కదా?"

రాదు, ఎందుకడుగుతున్నావన్నాను.

"ఈ ఆట ఇక తీసేద్దామని చివరిసారి తెరిచాను. వంతెన దగ్గర మీ నాన్నగారి పేరు కనిపించింది. నమస్కారమండీ అన్నాను. ఏ ఊరు బిడ్డా అని అడిగారు. చెప్పాను. అక్కడ వానలెట్లున్నయని అడిగారు. చాలాసేపు మాట్లాడారన్నా."

నవీన్ మా నాన్న గొంతు ఎప్పుడూ వినలేదు. మా పరిచయమే నాన్నకు మాట పోయాక మొదలైంది. అయినా, మాట్లాడే ముందు ఆయన రెండుసార్లు సన్నగా గొంతు సవరించుకున్నాడని, ప్రతి ముచ్చట చివర "ఇగ సూడు మల్ల" అన్నాడని చెప్పాడు. చెబుతూ అలాగే చేసి చూపించాడు. నేను చిన్నప్పట్నుంచీ విన్న ఊతపదం అది.

ఆ సాయంత్రం పక్కగదిలో నా లాప్‌టాప్ తెరిచి, నా బొమ్మను తీసుకెళ్లి నాన్న బొమ్మ పక్కన నిలబెట్టాను. గాలి వినిపించింది. పిట్టలు వినిపించాయి. ఇంకేమీ లేదు. బావ బొమ్మ కూడా వచ్చి మాకు ఎదురుగా నిలబడింది. అతని మాట నాకు స్పష్టంగా వినిపిస్తోంది. ఎవరికో జవాబు చెబుతున్నాడు.

"అవును మామ. పిల్లలు బడికి వోతున్నరు. మహేషా? ఈడనే ఉన్నడు, నీ పక్కకే." తర్వాత నాతో అన్నాడు, "అరే, నీ గురించే అడుగుతున్నడు గదరా. ఇనొస్తలేదా?"

వినిపించలేదు. చెవులు నొప్పి పుట్టేదాకా శబ్దం పెంచాను. లేచి ముందుగదిలోకి పరుగెత్తాను. నాన్న కదలకుండా కూర్చుని తెర చూస్తున్నాడు. ఆయన గొంతు మీద చెయ్యి పెట్టి చూశాను. చిన్న అదురు కూడా లేదు. నా వైపు తలెత్తి చూశాడు. ఆ చూపు ఏం చెప్పిందో నాకు తెలియలేదు. నాకు భయం కన్నా ఉక్రోషం ఎక్కువగా కలిగింది. అల్లుడితో మాట్లాడాడు, ముక్కూ మొహం తెలియని నవీన్‌తో మాట్లాడాడు. నేనేం చేశాను?

బావ అక్కతో చెప్పాడు. అక్క అమ్మతో చెప్పింది. అమ్మ నా మీద మండిపడుతుందనుకున్నాను. ఆమె వంట ముగించి, చీర మార్చుకుని వచ్చి, "ఏడ కూసోవాలె?" అని అడిగింది.

"అమ్మా, నాకేం ఇనరాలే. నీకూ రాకపోతే బాధైతది. వద్దు."

"ఇనరాకపోతే లేచొస్త. ఫికర్ జెయ్యకు."

మధ్యాహ్నం వేళ. బయట పాత సామానుల బండివాడు అరుచుకుంటూ పోతున్నాడు. అమ్మను లాప్‌టాప్ ముందు కూర్చోబెట్టి, నేను వాడే హెడ్‌సెట్ పెట్టి, నా బొమ్మను వంతెన దాకా నడిపించి పక్కకు తప్పుకున్నాను. రెండు గదుల మధ్య గుమ్మంలో నిలబడ్డాను. అక్కడి నుంచి ఇద్దరూ కనిపిస్తారు. ఇటు నాన్న, అటు అమ్మ. వాళ్లకు ఒకరికొకరు కనిపించరు.

కాసేపు ఏమీ జరగలేదు. అమ్మ తెర వైపు బెదురుగా చూస్తోంది. నేను వెళ్లి ఆపేద్దామనుకుంటుండగా ఆమె భుజాలు ఒక్కసారిగా కిందికి జారాయి.

"ఆఁ. ఇంటున్న" అంది.

నాన్న వైపు చూశాను. పెదాలు మూసే ఉన్నాయి. బొటనవేలు గేమ్‌ప్యాడ్ మీద ఉంది.

"తిన్న. నువ్వు తిన్నంకనే తిన్న." మళ్లీ కాసేపటికి, "గా సంగతి నీకెవరు చెప్పిన్రు?" అంది. తర్వాత చాలాసేపు వింది. వింటూ వింటూ కొంగుతో మొహం తుడుచుకుంది. ఒకసారి చిన్నగా నవ్వింది. ఆ నవ్వు మా ఇంట్లో విని చాలా రోజులైంది. చివరికి, "సరే. నేను సూసుకుంట. నువ్వు మనసుల వెట్టుకోకు" అని హెడ్‌సెట్ తీసి, మడిచి, జాగ్రత్తగా బల్ల మీద పెట్టింది.

నేను దాన్ని లాక్కుని చెవులకు పెట్టుకున్నాను. గాలి. తెర మీద నాన్న బొమ్మ అప్పటికే వంతెన దిగి పొలాలవైపు నడుస్తోంది. వెనకాలే పరుగెత్తించాను. నా బొమ్మ రెండడుగులు వేసి నేలలోకి జారిపోయింది.

మళ్లీ ఆట తెరిచేసరికి ఆయన అందులో లేడు. ముందుగదిలో గేమ్‌ప్యాడ్ పక్కకు పెట్టేశాడు. ఆ తర్వాత ఎన్నిసార్లు చేతిలో పెట్టినా పట్టుకోలేదు. కానీ గోడవైపు తిరిగి పడుకోవడమూ మానేశాడు. ఇప్పుడు అమ్మ తినిపిస్తుంటే ఆమెనే చూస్తూ తింటాడు.

అమ్మను అడగని రోజు లేదు. "అది మా ఇద్దరి ముచ్చట" అంటుంది, ఇంకో పనిలో పడిపోతుంది.

అన్నాళ్లూ ఆ ఆటను వెనకేసుకొచ్చిన బావ దాన్ని తీసేశాడు. ఆ పేరెత్తితే లేచిపోతాడు. తిట్టిన నవీన్ మాత్రం ఇంకా ఆడుతున్నాడు. ఎందుకని అడిగితే సరిగ్గా చెప్పడు. వంతెన దగ్గర ఇప్పుడు ఎవరూ ఉండరని మాత్రం అన్నాడు.

ముగ్గురూ కలిసి నన్ను ఆటపట్టించి ఉంటారని మీరనుకోవచ్చు. నేనూ అనుకున్నాను. బావకు, నవీన్‌కు అసలు పడదు. మా అమ్మ అలాంటి విషయంలో ఆటలాడే మనిషి కాదు. మరి మైకు లేని హెడ్‌సెట్‌లోంచి ఏం వెళ్లింది, ముగ్గురికి వినిపించి నాకెందుకు వినిపించలేదు?

ఈ మధ్య ఒకరోజు ధైర్యం చేసి నాన్న మంచం పక్కన కూర్చున్నాను. "నాయినా, నాతోని ఎందుకు మాట్లాడలే?" అని అడిగాను. ఆయన కాదన్నట్టు తల అడ్డంగా ఊపాడు. తర్వాత ఎడమ చెయ్యి చాపి నా చెవి మీద పెట్టాడు. పెట్టి, అలాగే ఉంచాడు.