వాసన చూసినందుకు

పేరేసంద్ర దగ్గర ద్రాక్షతోట రైతు నంజుండప్ప, తన పండ్లతో చేసిన రెడ్ వైన్ నాకు స్టీలు గ్లాసులో పోసిచ్చాడు. హైదరాబాదులో వైన్ రుచి చూడడం నేర్చుకున్నవాణ్ణి కదా, గ్లాసు గిరగిరా తిప్పి, ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్ళు మూసుకుని వాసన పీల్చాను.

ఆయన భార్య మొహం చిన్నబోయింది. "చెడిపోయిండాదా అప్పా?" అంది.

"లేదమ్మా. ఇంత ఘాటైన వైన్ పదేళ్ళు దాచినా చెడదు, ఇంకా రుచి పెరుగుతుంది."

"పదేండ్లు చెడనిదాన్ని వాసన చూసేదెందుకప్పా?"

గ్లాసెత్తి గడగడా తాగేశాను. నేరేడుపండులాంటి వగరు నాలుకను పట్టేసింది. నంజుండప్ప నవ్వాపుకుంటూ తోటవైపు తిరిగాడు.

బయల్దేరేముందు ఆమె కాఫీ తెచ్చింది. నేను గ్లాసు అందుకోకముందే చెప్పింది: "పాలు పొద్దున పిండినవే అప్పా. వాసన చూసే పనిలేదు."